క్రఫ్ట్స్ శునక ప్రదర్శన

క్రఫ్ట్స్ శుద్ధజాతి శునకాలకు ప్రపంచ ప్రసిద్ధి చెందిన పోటీ. ఇది ఇంగ్లండులో సాధారణంగా ప్రతి సంవత్సరం మార్చి నెలలో నాలుగు రోజులపాటు జరుగుతుంది. కుక్కల బిస్కట్ల కంపెనీలో పనిచేసిన ఛార్లెస్ క్రఫ్ట్ 1891లో లండను నగరంలో దీనిని ప్రారంభించాడు. 1948 నుండి కెన్నెల్ క్లబ్ నిర్వహిస్తున్నది. 1991లో బర్మింగ్‌హాంకు మారింది.

తీర్పు విధానం

న్యాయనిర్ణేత కుక్కలను ఒకదానితో ఒకటి కాక, ఆ జాతికి వ్రాసిపెట్టిన ప్రమాణంతో పోల్చుతాడు. పుర్రె, పళ్ళు, వెన్ను చేతితో తడిమి చూసి, నడకను పరిశీలిస్తాడు. జాతి విజేతలు తమ వర్గంలోను, ఏడు వర్గాల విజేతలు చివరిగా 'బెస్ట్ ఇన్ షో' బిరుదుకొరకు పోటీపడతాయి.

వివాదం

చిక్కు ఈ ప్రమాణంతోనే వచ్చింది. చదునైన ముఖం, వ్రేలాడే చర్మం మెచ్చదగిన లక్షణాలైనపుడు పెంపకందారులు వాటినే ఎంచుకొంటూ పోయారు; అందుకై దగ్గరి రక్తసంబంధం గల కుక్కలను జతకట్టించేవారు. ఫలితంగా కొన్ని జాతులలో శ్వాస ఇబ్బందులు, కంటిజబ్బులు, ఇతర వంశపారంపర్య వ్యాధులు స్థిరపడ్డాయి. 2008లో బీబీసీ దీనిపై డాక్యుమెంటరీ చూపి, మరుసటి ఏడాది క్రఫ్ట్స్ ప్రసారాన్ని మానుకొన్నది. తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్ళు, తోబుట్టువుల కలయికలో పుట్టిన కూనల నమోదును క్లబ్బు 2009లో ఆపివేసింది (అంతవరకు అవి నమోదయ్యేవన్నది గమనార్హం). 2012లో 15 జాతుల విజేతలకు పశువైద్య పరీక్ష పెట్టగా బుల్‌డాగ్, పెకినీస్ సహా ఆరు విఫలమై తదుపరి పోటీకి అర్హత కోల్పోయాయి.