ఢిల్లీ చేతిలో పని ఊరి చేతికి ఎందుకొచ్చింది

తాగునీళ్లు, వీధిదీపాల గురించి పంచాయతీని అడగాలని మనందరికీ తెలుసు. ఆ పనులు పంచాయతీ చేతికి ఎలా వచ్చాయో, పైవాళ్లు ఎందుకు వదులుకున్నారో తెలిస్తే అడగడం ఇంకా బాగా వస్తుంది.

1952 అక్టోబరు 2న కేంద్రం సమాజ వికాస పథకం మొదలుపెట్టింది. బ్లాకులు, బీడీవోలు, గ్రామసేవకులు వచ్చారు. కొన్ని బావులు, రోడ్లు పడ్డాయి గానీ జనం అది సర్కారు పని అనుకున్నారు, మన పని అనుకోలేదు. ఇదేంటో చూడమంటే 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ, ఊరివాళ్లు ఎన్నుకున్నవాళ్ల చేతికి అధికారం, డబ్బు రెండూ ఇవ్వమని చెప్పింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో, అదే ఏడాది మన షాద్‌నగర్‌లో నెహ్రూ గారు పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. పైన కూర్చుని చేయించలేకపోయాకే కిందికి అప్పగించారన్నమాట.

అప్పగించారు గానీ చాలా రాష్ట్రాల్లో ఏళ్లకేళ్లు ఎన్నికలే పెట్టలేదు. రాష్ట్రంలో పెద్దలకు కింద ఇంకో నాయకుడు తయారవడం ఇష్టముండదు కదా! మన దగ్గర 1986 చట్టంతో సమితులు పోయి మండలాలొచ్చాయి, ఆఫీసు కాస్త దగ్గరైంది.

ఈలోగా ఢిల్లీలో ఇంకో లెక్క మొదలైంది. పేదలకు పంపిన రూపాయిలో 15 పైసలే చేరుతున్నాయని 1985లో రాజీవ్ గాంధీ గారే అన్నారు. 1989లో ఆయన ప్రభుత్వం పంచాయతీల కోసం 64వ సవరణ బిల్లు తెస్తే లోక్‌సభ ఒప్పుకుంది, రాజ్యసభలో ఓడిపోయింది. రాష్ట్రాలను దాటేసి నేరుగా ఊళ్లను పట్టుకోవాలని చూస్తున్నారని ప్రతిపక్షాల అనుమానం. అది ఉత్త అనుమానమేనని మేము అనుకోం. పైవాడు కిందివాడికి అధికారం ఇస్తే మధ్యవాడి బలం తగ్గుతుంది, ఆ సంగతి ఇచ్చేవాడికి తెలియకుండా ఉంటుందా?

చివరికి 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి. ఆడవాళ్లకు కనీసం మూడో వంతు సీట్లు వచ్చాయి, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు సగం. 29 పనుల పట్టిక కూడా పెట్టారు. తాగునీరు, పేదరిక నిర్మూలన, స్త్రీ శిశు సంక్షేమం అందులోనివే. అయితే 243జి అధికరణం చూడండి. రాష్ట్రాలు ఈ పనుల్ని పంచాయతీలకు 'ఇవ్వవచ్చు' అని ఉంది, 'ఇచ్చి తీరాలి' అని లేదు. ఎన్నిక పెట్టడం తప్పనిసరి గానీ పని అప్పగించడం రాష్ట్రం ఇష్టం. మన ఆడమనిషి సర్పంచ్ కుర్చీలో కూర్చున్నా చిన్న పనికి కూడా పై ఆఫీసు వైపు చూడాల్సి రావడం ఇందుకే.

ఈసారి గ్రామసభకు అన్ని సంఘాలూ కలిసి వెళ్దాం. ఆ 29లో మన పంచాయతీకి ఏవేవి వచ్చాయి, వాటికి డబ్బు, మనిషి ఇచ్చారా అని అడిగి, చెప్పిన జవాబు మన గ్రామసంఘం మినిట్స్ పుస్తకంలో రాయిద్దాం.