పల్లాకు తెగులు (మినుము)

మినుము, పెసర వంటి అపరాలకు తెల్లదోమ అంటించే వైరస్ రోగం పల్లాకు తెగులు. ఎల్లో మొజాయిక్ అన్నా ఇదే. కృష్ణా డెల్టా దిగువన మచిలీపట్నం, చిలకలపూడి, గుడివాడ, ఘంటసాల మొదలు దివిసీమలోని అవనిగడ్డ, నాగాయలంక దాకా వరి మాగాణుల్లో వేసే మినుముకు ఇది పెద్ద గండం. అక్కడి రైతు ఏ విత్తనం కొనాలన్నా ముందు అడిగేది అది పల్లాకును తట్టుకుంటుందా లేదా అనే.

తెగులు మొదట లేత ఆకుల మీద చిన్న పసుపు చుక్కలుగా కనిపిస్తుంది. చుక్కలు కలిసి మచ్చలవుతాయి. ఆకుపచ్చ, పసుపు కలగలిసిన ఆకు క్రమంగా పూర్తిగా పండిపోతుంది. పూత తగ్గుతుంది, కాయలు పసుపెక్కి గిడసబారతాయి, గింజ నొక్కులు పడుతుంది. కాయ ముదిరాక సోకితే నష్టం కొంతే. మొలిచిన మూడు నాలుగు వారాల్లోనే సోకితే ఆ మొక్క నుంచి చేతికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

రోగకారకం జాడ

మొక్కల వైరస్‌ల కథ పొగాకుతో మొదలైంది. తెగులు సోకిన పొగాకు రసాన్ని బాక్టీరియా దూరలేని వడపోత గుండా పంపినా రోగం అంటుతూనే ఉందని 1892లో రష్యాలో ఇవానోవ్‌స్కీ చూపాడు. అది బాక్టీరియా కాదనీ, వేరే రకం రోగకారకమనీ 1898లో హాలండ్‌లో బెయెరింక్ తేల్చాడు. భారతదేశంలో పల్లాకు వంటి రోగాన్ని 1948లో కపూర్, వర్మ లైమా చిక్కుడులో వర్ణించారు. 1960లో ఢిల్లీలో నరియాని పెసరలో దీన్ని నమోదు చేశారు. పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే అపరాల వైరస్ రోగాలను విస్తృతంగా పరిశీలించి 1972లో ఫలితాలు ప్రచురించారు. ఆయనే తర్వాత హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేశారు.

ఈ వైరస్‌లు జెమినీవైరస్ కుటుంబానివి. రెండేసి కణాలు అతుక్కున్న జంట రూపం వీటి గుర్తు. జన్యుపదార్థం ఒంటిపోగు డి.ఎన్.ఎ.; ఒక్కొక్కటి సుమారు 2,700 అక్షరాలున్న రెండు వలయాలుగా ఉంటుంది. మన దేశంలో ప్రధానంగా రెండు జాతులున్నాయి. దక్షిణాదిన ఎక్కువగా కనిపించేది ఒకటి, ఉత్తరాదిన మరొకటి. అందుకే ఉత్తరాదిన నిలబడ్డ వంగడం ఇక్కడా నిలబడుతుందని ముందే చెప్పలేరు.

మాగాణి మినుము

డెల్టా నల్లమట్టి నీటిని చాలాకాలం పట్టి ఉంచుతుంది. సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేల ఇంకా పదునుగా ఉండగానే నిలువు పైరులో మినుములు వెదజల్లుతారు. కోత కోసి పనలు ఎత్తేసరికి దుబ్బుల మధ్య మొలకలు లేచి ఉంటాయి. దున్నడం లేదు, నీరు పెట్టడం లేదు. మట్టిలో మిగిలిన తేమ, మంచు చాలు. కోత యంత్రాలు వచ్చాక వరి కోశాక విత్తే పద్ధతీ పెరిగింది. కాలువకు దాళ్వా నీరు రాని ఏడు ఈ పంట విస్తీర్ణం ఇంకా పెరుగుతుంది.

ఈ పద్ధతిలో శ్రమ తక్కువే గాని తెగులుకు దారి కూడా అదే ఇస్తుంది. వెదజల్లిన చేలో సాళ్లుండవు, అంతరకృషి కుదరదు. దుబ్బుల మధ్య మొలిచే కలుపులో తెల్లదోమ, కొన్ని కలుపు జాతుల్లో వైరస్ కూడా ఆశ్రయం పొందుతాయి. నవంబరు, డిసెంబరు మొదట్లో వేసిన చేను ఎండలు ముదిరేలోగా కాపుకొస్తుంది. ఆలస్యమైన చేను లేతగా ఉండగానే దోమ ఉధృతికి చిక్కుతుంది.

తెల్లదోమ ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. తెగులు మొక్క మీద కొద్దిసేపు పీలిస్తే చాలు, వైరస్ దాని ఒంట్లో చేరుతుంది. ఆడదోమ సుమారు పది రోజులు, మగదోమ మూడు రోజులు రోగం అంటించగలవు.

వంగడాల వరస

గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం విడుదల చేసిన మినుములకు ఎల్.బి.జి. అనే గుర్తు ఉంటుంది. ఎల్.బి.జి. 17 (కృష్ణయ్య), 402 (ప్రభవ) మాగాణులకు పేరు తెచ్చుకున్నాయి. కృష్ణయ్య బలం బూడిద తెగులును తట్టుకోవడంలో ఉంది, పల్లాకును తట్టుకోవడంలో కాదు. పల్లాకును తట్టుకునేదిగా ఎల్.బి.జి. 20 (తేజ) వచ్చింది. తర్వాత ఎల్.బి.జి. 752 దిగుబడితో రైతుల మనసు గెలిచింది గాని పల్లాకు ముందు నిలవలేదు. ఆ స్థానంలోకి పంత్‌నగర్ పి.యు. 31, తిరుపతి టి.బి.జి. 104, లాం ఎల్.బి.జి. 787, ఘంటసాల పరిశోధన స్థానం జి.బి.జి. 1 వచ్చాయి.

నిరోధకత తేల్చే పరీక్ష మడిలోనే జరుగుతుంది. పరీక్షిస్తున్న వరసల మధ్య తెగులుకు తేలిగ్గా లొంగే రకాన్ని వరసగా వేస్తారు. దోమకు మందు కొట్టరు. లొంగే రకం వరసలు పసుపుపచ్చగా పండిపోయాక పక్కవాటికి 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. 1 వచ్చినది తట్టుకున్నట్టు, 9 వచ్చినది చేతులెత్తేసినట్టు.

మొక్క ఆత్మరక్షణ

నిరోధక మొక్క వైరస్‌ను రెండు దారుల్లో ఎదుర్కొంటుంది. మొదటిది జన్యువు కాపలా: వైరస్ ప్రోటీన్‌ను పసిగట్టి, సోకిన చోటి కణాలను చంపేసి రోగాన్ని అక్కడే ఆపడం. పొగాకులోని ఎన్ జన్యువును 1994లో వేరుచేసినప్పుడు ఇది స్పష్టపడింది. మినుములోనూ సి.వై.ఆర్. 1 అనే ఇలాంటి జన్యువును భారతీయ పరిశోధకులు 2011లో వర్ణించారు.

రెండోది ఆర్.ఎన్.ఎ. నిశ్శబ్దీకరణ. వైరస్ ఆర్.ఎన్.ఎ.ను మొక్క చిన్న ముక్కలుగా నరికి, ఆ ముక్కల గుర్తుతోనే మిగతాదాన్ని వెతికి ఛేదిస్తుంది. ఆ ముక్కలను 1999లో ఇంగ్లండ్‌లో హామిల్టన్, బోల్‌కూంబ్ గుర్తించారు. జెమినీవైరస్‌ల విషయంలో మొక్క వాటి డి.ఎన్.ఎ.పై రసాయన ముద్రలు వేసి మూగబుచ్చుతుంది కూడా. వైరస్ ఊరుకోదు, ఈ రక్షణను అణచే ప్రోటీన్లు దానికీ ఉన్నాయి. రెండు వైరస్‌లు ఒకే మొక్కలో కలిస్తే ముక్కలు మార్చుకుని కొత్త రూపాలూ పుట్టవచ్చు. అందుకే వంగడం ఒకటే వేస్తూ పోతే దాని నిరోధకత ఎప్పుడైనా సడలవచ్చు.

మడిలో అదుపు

తెగులు సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. కనుక ప్రయత్నమంతా దోమ రాకముందే జరగాలి. ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి చేస్తే తొలి వారాల్లో దోమ దాడి తగ్గుతుంది. తెగులు మొక్కలను కనబడగానే పీకేయడం, పసుపు జిగురు అట్టలు పెట్టడం, గట్ల మీద కలుపు తీయడం తర్వాతి పనులు. ఒక్కరే చేస్తే ఫలం తక్కువ: తెల్లదోమ గట్టు దాటి వస్తుంది. ఒక ఆయకట్టులో రైతులంతా దగ్గర దగ్గర తేదీల్లో విత్తితే లేత పైరు అన్ని చేలల్లోనూ ఒకేసారి ముదురుతుంది. ఒక్క ఆలస్యపు చేనే మిగతావాటికి దోమ కేంద్రం కాకుండా ఉంటుంది.