పార్టీ అడగని సెక్షన్

అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె వాళ్లు మంచినీళ్లు ముంచుకునే చెరువు దగ్గర పెత్తందార్లు గేదెల కుడితి బక్కెట్లు కడిగారు. మురికి చెరువులోకి పోతోందని ఓ దళిత కుర్రాడు అడ్డుచెప్పాడు. వాణ్ణి కొట్టబోతే, నీళ్లకొచ్చిన ఒకావిడ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, 1985 జూలై 17న, పెత్తందార్లు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు ప్రాణాలు చేతబట్టుకుని చీరాల చేరారు.

అప్పుడున్నది తెలుగుదేశం ప్రభుత్వం, కాబట్టి కాంగ్రెస్ గొంతెత్తింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికినప్పుడు ప్రభుత్వం కాంగ్రెస్‌ది. నిలదీసే వంతు తెలుగుదేశానికి వచ్చింది. కారంచేడు తర్వాత కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు నిలబెట్టిన దళిత మహాసభ మాత్రం ఎవరి అధికారమని చూడలేదు.

అంటరానితనం నేరాలకు 1955 నుంచే చట్టం ఉన్నా కారంచేడు లాంటి ఊచకోతల ముందు అది చాలలేదు. 1989లో పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. 1990 జనవరి 30న అది అమల్లోకి వచ్చింది. పదిమంది చూసేచోట దళితుణ్ణి కావాలని అవమానించడం అందులో నేరం. కులం పేరుతో తిట్టడాన్ని 2015 సవరణ విడిగా చేర్చింది. బాధితుడి పార్టీ ఏదని ఏ సెక్షనూ అడగదు.

అడిగేది మనం. జీడిమెట్ల పారిశ్రామికవాడలో షిఫ్టు వదిలాక టీ బండి దగ్గర, నాయకుణ్ణి కులం పేరుతో తిట్టిన వీడియో కనబడితే ముందు వచ్చే మాట, "గాయన ఏ పార్టీ అన్నా?" జవాబును బట్టి కోపం రావాలో వద్దో తేలుతుంది. ఇది నాకు మింగుడుపడదు.

నాయకుడి తప్పు వేరు, కులం వేరు. హైదరాబాద్‌లో పుట్టిన బంగారు లక్ష్మణ్ 2000లో బీజేపీకి తొలి దళిత అధ్యక్షుడయ్యారు. 2001లో డబ్బు తీసుకుంటూ రహస్య కెమెరాకు చిక్కారు, 2012లో సీబీఐ కోర్టు శిక్ష వేసింది. ఆ డబ్బు గురించి ఎంత గట్టిగానైనా అడగొచ్చు. కులం ఎత్తకూడదు. పార్టీని బట్టి కోపం అన్న తగువు అమెరికాలోనూ ఉంది. 2021లో కాలిఫోర్నియాలో గొరిల్లా మాస్కు వేసుకున్న ఒకామె నల్లజాతి రిపబ్లికన్ లారీ ఎల్డర్ మీదికి గుడ్డు విసిరింది. అదే ఆయన డెమోక్రాట్ అయివుంటే దేశం ఇంత నిదానంగా ఉండేదా అని ఆయన పక్షంవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

మన చట్టానికీ ఒక హద్దుంది. తిట్టినవాడూ ఎస్సీ, ఎస్టీయే అయితే ఈ సెక్షన్ వర్తించదు. ఒక దళితుడు ఇంకో దళితుణ్ణి 'చెంచా' (తొత్తు) అన్నా అంతే. దళితుల రిజర్వు సీట్లకు ఉమ్మడి ఓటర్ల పద్ధతి తెచ్చిన పూనా ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన 1982లో దళిత నాయకుడు కాన్షీరామ్ 'చెంచా యుగం' రాసింది ఆ పద్ధతి మీద, అది తయారుచేసే నాయకత్వం మీద. ఇప్పుడు ఎదుటి పార్టీలోని ఏ దళితుడి నోరైనా మూయించడానికి 'చెంచా' అన్న ఆ మాటే చాలు. కోర్టు పట్టుకోలేని ఈ తిట్టును ఆపాల్సింది మనమే.

మీకు బొత్తిగా గిట్టని పార్టీ దళిత నాయకుణ్ణి ఎవరైనా కులం ఎత్తి తిడితే, ఈసారి తప్పని గట్టిగా చెప్పండి. ఆయన విధానాల మీద మీ పోరాటం మర్నాడు చేసుకోవచ్చు.