కంబళం అంటే ఎవరు?

తెలుగు నిఘంటువుల్లో కంబళమంటే గొంగళి. మదురై, కోయంబత్తూరు వైపు పాత తెలుగు పల్లెల్లో మాత్రం అది మనుషుల పేరు. తెలుగు మాట్లాడే తొట్టియ నాయకర్ కులంలో ఒక శాఖ రాజకంబళం. తమిళులు వాళ్లను కంబళత్తార్ అంటారు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఇంగ్లీషువాళ్లు ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మనది ఆ శాఖే. కప్పుకునే గుడ్డ పేరు మనుషులకెలా వచ్చింది?

1909లో ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి వెలువరించిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో ఒక ఆధారం దొరుకుతుంది. కులపంచాయతీ కూడినప్పుడు కంబళి పరిచేవారట. దానిమీద నీళ్లు నింపిన ఇత్తడి కలశం పెట్టి పూలతో అలంకరించేవారట. ఈ ఆచారం ఉన్న కులాలు తొమ్మిదనీ, అందుకే వాటిని కంబళాలంటారనీ అందులో ఉంది. ఈ సంగతి చెప్పింది కప్పిలియన్లు. వాళ్ల ఇంటిభాష కన్నడం.

నేను ఎక్కువ బరువిచ్చేది ఈ చివరి సంగతికే. తెలుగు మాట్లాడే తొట్టియ నాయకర్లూ కన్నడం మాట్లాడే కప్పిలియన్లూ ఒకే లెక్కలోకి వచ్చారంటే, కంబళం ఏ ఒక్క భాషకో కులానికో పుట్టిన పేరు కాకపోవచ్చు. పంచాయతీ కట్టుబాటును బట్టి వచ్చిందనడమే సబబుగా తోస్తుంది. మన రచ్చ కూడా అంతే కదా, కూర్చునే చోటు పేరే కూడిన సభకూ చెల్లింది.

అయితే కంబళి పరచడమన్నది ఆ పేరున్నవాళ్లే తమ పేరుకు చెప్పుకున్న కారణం. పేరు ముందుండి, కథ తర్వాత అల్లుకుని ఉండొచ్చు. కాబట్టి ఆచారం ఉండేదన్నంతవరకు నమ్మి, పేరు దాన్నుంచే పుట్టిందన్న మాటను ఖాయమనుకోకపోవడం మేలు. కన్నడ తీరప్రాంతంలో బురదమడిలో దున్నపోతులను పరిగెత్తించే కంబళ పందెంతో దీన్ని ముడిపెట్టడానికి శబ్దసామ్యం ఒక్కటే చాలదు.

ఇప్పటి తమిళంలో కంబళమంటే తివాచీ; ప్రముఖులకు పరిచేది సివప్పు కంబళం. ఆ అర్థంతో వింటే రాజకంబళం రాజుగారి తివాచీలా వినిపిస్తుంది. తమిళనాడు ప్రభుత్వ కులాల జాబితా మరోవైపు చూపిస్తుంది. అందులో తొట్టియ నాయకర్ల కింద రాజకంబళంతో పాటు గొల్లవార్, ఎర్రగొల్లర్ పేర్లున్నాయి. మందలు కాసినవాళ్ల భుజాన గొంగడి ఎప్పుడూ ఉండేదే. నలుగురు కూడితే పరిచేదీ అదే అయి ఉంటుంది. ఇది ఊహే అయినా, రాజుగారి తివాచీ కన్నా దీనికే ఆధారం దగ్గరగా ఉంది.