హైడ్రాలిక్ ప్రెస్సు (ఇంటి తయారీ)

హైడ్రాలిక్ ప్రెస్సు అనగా ద్రవ పీడనం ద్వారా కొన్ని టన్నుల బలాన్ని ఒకే చోట నెమ్మదిగా ప్రయోగించే యంత్రం. వాహనాల మరమ్మతు షెడ్లలోను, లేత్ వర్క్‌షాపులలోను షాఫ్టు మీద బిగుసుకున్న బేరింగులను ఊడదీయడానికి, బుష్‌లు ఎక్కించడానికి, వంగిన కడ్డీలను సరిచేయడానికి దీనిని వాడతారు. లారీల కింద పెట్టే బాటిల్ జాకీని ఇనుప ఛానళ్ళతో కట్టిన చట్రంలో అమర్చి సొంతంగా తయారు చేసుకునే ప్రెస్సును ఇంటి తయారీ ప్రెస్సు అంటారు. రెండు నిలువు స్తంభాలు, వాటి మధ్య అడ్డ దూలాలు ఉండి ఆంగ్ల అక్షరం "హెచ్"ను పోలి ఉంటుంది కాబట్టి దీనికి హెచ్-ఫ్రేం ప్రెస్సు అని కూడా పేరు.

ఈ యంత్రంలో జాకీ ఒక్కటే కర్మాగారంలో తయారై, పరీక్షకు నిలిచి వచ్చిన భాగం. చట్రం బలం పూర్తిగా దానిని కట్టిన వ్యక్తి లెక్క మీద, వెల్డింగు మీద ఆధారపడి ఉంటుంది. జాకీ మీద 20 టన్నులు అని రాసి ఉన్నంత మాత్రాన ప్రెస్సు 20 టన్నులది కాదు.

పనిచేసే సూత్రం

మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుంది. దీనినే పాస్కల్ నియమం అంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ (1623-1662) దీనిని వివరించిన గ్రంథం ఆయన మరణానంతరం 1663లో వెలువడింది.

జాకీలో రెండు ముషలకాలు ఉంటాయి. పిడితో కదిలేది చిన్నది, బరువును నెట్టేది పెద్దది. ఉదాహరణకు చిన్నదాని వ్యాసం 12 మి.మీ., పెద్దదాని వ్యాసం 60 మి.మీ. అనుకుంటే వ్యాసాల నిష్పత్తి 5, వైశాల్యాల నిష్పత్తి 25. పిడి తులాదండంలా పనిచేసి చేతి బలాన్ని మరో 20 రెట్లు పెంచుతుందనుకుంటే మొత్తం 500 రెట్లు అవుతుంది. అంటే పిడి మీద 40 కిలోల బరువుతో నొక్కితే పెద్ద ముషలకం 20,000 కిలోల బలంతో పైకి లేస్తుంది. అప్పుడు లోపలి నూనె పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 700 కిలోలు. ఘర్షణ వల్ల కలిగే నష్టాన్ని ఈ లెక్కలో చేర్చలేదు.

ఇందులో శక్తి ఊరికే పుట్టదు. చిన్న ముషలకం 25 మి.మీ. దిగితే పెద్దది 1 మి.మీ. మాత్రమే లేస్తుంది. పిడిని అన్నిసార్లు కొట్టవలసి రావడానికి కారణం ఇదే.

చరిత్ర

పాస్కల్ నియమాన్ని యంత్రంగా మలచినవాడు ఇంగ్లండుకు చెందిన తాళాల తయారీదారు జోసెఫ్ బ్రామా. ఆయనకు 1795లో దీనిపై పేటెంటు లభించింది. అందుకే పాత పాఠ్యపుస్తకాలలో ఇది బ్రామా ప్రెస్సుగా కనిపిస్తుంది. ముషలకం పక్కల నుండి నీరు కారిపోకుండా ఆపడం మొదట్లో పెద్ద సమస్య. పీడనం పెరిగిన కొద్దీ తానే విచ్చుకుని గోడకు మరింత బిగిసే తోలు వాషరుతో ఇది పరిష్కారమైంది. ఆ ఆలోచన బ్రామా వద్ద పనిచేసిన హెన్రీ మాడ్స్‌లీదని చెబుతారు. నేటి జాకీలలోని రబ్బరు సీళ్ళు కూడా చాలావరకు ఇదే పద్ధతిలో పనిచేస్తాయి.

వేల్స్‌లోని బ్రిటానియా వంతెన నిర్మాణంలో భారీ ఇనుప గొట్టాలను హైడ్రాలిక్ ప్రెస్సులతో పైకి ఎత్తారు. 1849 ఆగస్టులో ఒక ప్రెస్సు స్థూపం అడుగు పగిలిపోయింది. అయితే ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్ ఆదేశం మేరకు గొట్టం లేచిన కొద్దీ దాని కింద కట్టుబడి చేర్చుతూ వచ్చారు. అందువల్ల గొట్టం కొన్ని అంగుళాలు మాత్రమే జారి ఆగింది. జాకీ మీద నిలిపిన బరువు కింద వేరే ఆధారం లేకుండా దూరరాదనే నేటి వర్క్‌షాపు నియమం వెనుక ఉన్నదీ ఇదే జాగ్రత్త.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో చాలామందికి తెలిసిన హైడ్రాలిక్ ప్రెస్సు పత్తి మిల్లులలోనిది. గుంటూరు, ఆదిలాబాదు వంటి చోట్ల జిన్నింగు, ప్రెస్సింగు మిల్లులలో గింజ తీసిన దూదిని దీనితోనే బేళ్ళుగా నొక్కుతారు. భారతదేశంలో ఒక బేలు బరువు 170 కిలోలు.

చట్రం

ప్రెస్సు పనిచేసేటప్పుడు చట్రం బయటికి సాగుతుంది. జాకీ పై దూలాన్ని పైకి, పనివస్తువు ద్వారా కింది దూలాన్ని కిందికి తోస్తుంది. నిలువు స్తంభాలు ఈ రెంటినీ పట్టి ఉంచుతాయి. కాబట్టి స్తంభాలలో ఉండేది లాగుడు బలం, దూలాలలో ఉండేది వంపు. సాధారణంగా ముందుగా విఫలమయ్యేవి దూలాలు, పిన్నులే.

20 టన్నుల బలం అంటే సుమారు 196 కిలోన్యూటన్లు. స్తంభాల మధ్య దూరం 500 మి.మీ. అనుకుంటే, దూలం మధ్యలో పడే ఈ బలం వల్ల కలిగే వంపు భ్రామకం బలాన్ని దూరంతో గుణించి నాలుగుతో భాగించగా వచ్చే 24.5 కిలోన్యూటన్-మీటర్లు. 100 మి.మీ. ఎత్తు గల సి-ఛానల్ (ఐ.ఎస్.ఎం.సి. 100) సెక్షన్ మాడ్యులస్ సుమారు 37 ఘన సెం.మీ. అటువంటివి రెండు జతచేస్తే దూలంలో ప్రతిబలం 330 మెగాపాస్కళ్ళ దాకా వస్తుంది. మామూలు మైల్డ్ స్టీల్ 250 మెగాపాస్కళ్ళ దగ్గరే శాశ్వతంగా వంగిపోతుంది. అంటే ఈ దూలం 20 టన్నులకు నిలవదు. అదే 150 మి.మీ. ఛానళ్ళు (ఐ.ఎస్.ఎం.సి. 150) రెండు వాడితే, ఒక్కొక్కదాని మాడ్యులస్ సుమారు 104 కాబట్టి ప్రతిబలం 118 మెగాపాస్కళ్ళకు తగ్గుతుంది. ఇనుము ఎత్తు ఒకటిన్నర రెట్లు పెరిగితే వంపును తట్టుకునే శక్తి దాదాపు మూడు రెట్లు పెరిగింది. ఇంటి తయారీ ప్రెస్సులలో అతి సామాన్యమైన లోపం 100 మి.మీ. ఛానల్ చట్రంలో 20 టన్నుల జాకీ పెట్టడం. అటువంటి చట్రానికి 10 టన్నుల జాకీ కూడా ఎక్కువే అనవచ్చు. ఎందుకంటే అప్పుడు ప్రతిబలం 164 మెగాపాస్కళ్ళు ఉండి, భద్రతాంకం ఒకటిన్నరకే పరిమితమవుతుంది.

స్తంభాలను మరీ దూరంగా నిలపడం వల్ల కూడా ఇదే నష్టం కలుగుతుంది. మధ్య దూరం 500 నుండి 750 మి.మీ.కి పెంచితే ప్రతిబలం కూడా ఒకటిన్నర రెట్లవుతుంది.

కింది దూలం ఎత్తు మార్చుకోవడానికి స్తంభాలకు వరుసగా రంధ్రాలు వేసి పిన్నులు దూరుస్తారు. ఒక్కో పక్క పిన్ను మీద 98 కిలోన్యూటన్లు పడుతుంది. పిన్ను ముందు, వెనుక ఛానళ్ళ గుండా పోతుంది కాబట్టి ఈ బలం రెండు కోత తలాలకు పంచుకోబడుతుంది. 25 మి.మీ. పిన్నులో కోత ప్రతిబలం 100 మెగాపాస్కళ్ళు. 20 మి.మీ. పిన్నులో ఇది 156కు చేరి, మైల్డ్ స్టీల్ కోతకు లొంగే హద్దును దాటుతుంది.

పిన్ను గట్టిదైనా రంధ్రం గట్టిది కాకపోవచ్చు. 150 మి.మీ. ఛానల్ నిలువు రేకు మందం సుమారు ఐదున్నర మి.మీ. మాత్రమే. 25 మి.మీ. పిన్ను దానిమీద 350 మెగాపాస్కళ్ళకు పైగా ఒత్తిడి కలిగిస్తుంది. దానితో రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోతుంది. రంధ్రం చుట్టూ 10 మి.మీ. మందపు పట్టీ అతికి, రెంటినీ కలిపి రంధ్రం వేస్తే ఒత్తిడి 130 మెగాపాస్కళ్ళ లోపుకు వస్తుంది. స్తంభాల అంచు రేకులకూ ఈ జాగ్రత్త అవసరం.

పాత ఇనుము దుకాణాలలో దొరికే లారీ కమాను పట్టీలు, రైలు పట్టా ముక్కలు బలంగా కనిపించినా చట్రానికి పనికిరావు. వాటిలో కర్బనం ఎక్కువ కాబట్టి వెల్డింగు పక్కనే పెళుసుబారి పగులు వస్తుంది. పైగా రైల్వే ఆస్తిని అక్రమంగా కలిగి ఉండటం 1966 నాటి చట్టం ప్రకారం నేరం.

తయారీ

రెండు స్తంభాలనూ సమాన పొడవుకు కోసి, ఒకదానికొకటి క్లాంపులతో బిగించి, రంధ్రాలు ఒకేసారి వేయడం మంచి పద్ధతి. విడివిడిగా వేస్తే కింది దూలం వాలుగా కూర్చుంటుంది. రంధ్రాలను డ్రిల్లుతోనే వేయాలి. గ్యాస్ కటింగుతో చేసిన రంధ్రం గరుకుగా ఉండి, పిన్ను ఒకటి రెండు చోట్ల మాత్రమే ఆనుతుంది.

దూలాలను ముందుగా చుక్కల వెల్డింగుతో నిలిపి, మూలమట్టంతోనూ ఎదురు మూలల కొలతలతోనూ సరిచూస్తారు. రెండు కర్ణాలూ సమానంగా ఉంటేనే చట్రం సరిగా ఉన్నట్లు. ఆ తరువాత ఎదురెదురు పక్కలు మార్చుకుంటూ పూర్తి వెల్డింగు చేస్తారు. ఒకే పక్క వరుసగా చేస్తే వేడికి చట్రం గుంజుకుపోతుంది. బరువు మోసే అతుకులకు 7018 రకం రాడ్డు తగినది. అయితే దానిని తేమ లేకుండా ఆరబెట్టి వాడాలి. పై దూలాన్ని వెల్డింగు మీదనే ఆధారపడనీయకుండా పిన్నులతో గానీ బోల్టులతో గానీ స్తంభాలకు కలిపితే అతుకు పగిలినా దూలం ఎగిరిపోదు.

జాకీ అమరిక

చాలా బాటిల్ జాకీలు తలకిందులుగా పనిచేయవు. పంపు నూనెను తొట్టి అడుగు నుండి పీల్చుకుంటుంది. తిరగేస్తే ఆ దారిలోకి గాలి చొరబడుతుంది. అందువల్ల జాకీని తిన్నగానే నిలపాలి. దీనికి చక్కని ఉపాయం ఒకటి ఉంది. పై దూలం నుండి రెండు గట్టి స్ప్రింగులతో ఒక కదిలే పలకను వేలాడదీసి, జాకీని దాని మీద కూర్చోబెడతారు. ముషలకం పైకి లేచి పై దూలాన్ని తాకగానే జాకీ, దానితోపాటు పలక కిందికి దిగి పనివస్తువును నొక్కుతాయి. వాల్వు వదిలితే స్ప్రింగులు పలకను పైకి లాగి నూనెను తిరిగి తొట్టిలోకి పంపుతాయి. స్ప్రింగుల లాగుడు జాకీ, పలకల బరువు కంటే ఎక్కువ ఉండాలి. పలక పక్కలకు ఒరగకుండా స్తంభాల వెంట గైడులు పెట్టాలి.

కొన్ని జాకీలలో అధిక భారాన్ని వదిలివేసే వాల్వు ఉంటుంది. బలం చాలలేదని దీనిని బిగించేవారు ఉన్నారు. దీనితో చట్రానికి చేసిన లెక్క అంతా వ్యర్థమవుతుంది.

వాడకం

షాఫ్టు మీదికి బేరింగు ఎక్కించేటప్పుడు లోపలి వలయం మీద, గూటిలోకి ఎక్కించేటప్పుడు బయటి వలయం మీద నొక్కాలి. తప్పు వలయం మీద నొక్కితే బలమంతా గుండ్ల గుండా పోయి, వలయాలలో సన్నని గుంటలు పడతాయి. అటువంటి బేరింగు కొత్తదైనా కొద్ది రోజులకే చప్పుడు చేస్తుంది. బేరింగును 80-110 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే చాలాసార్లు ప్రెస్సు అవసరమే ఉండదు.

ప్రమాదాలు

నూనె దాదాపుగా నలగదు కాబట్టి అందులో నిలువ ఉండే శక్తి స్వల్పం. శక్తి నిలిచేది సాగిన చట్రంలోనూ నలిగిన పనివస్తువులోనూ. 196 కిలోన్యూటన్ల వద్ద ఈ రెంటి సాగుడూ నలుగుడూ కలిసి 1 మి.మీ. ఉంటే 98 జౌళ్ళ శక్తి దాగి ఉంటుంది. ఇది 10 కిలోల బరువు ఒక మీటరు ఎత్తు నుండి పడినప్పటి శక్తితో సమానం. వస్తువు పక్కకు జారినా పగిలినా ఇదంతా ఒక్క క్షణంలో విడుదలవుతుంది.

బేరింగు వలయాలు గట్టిపరచిన ఉక్కు కావడం వల్ల వంగవు, ముక్కలై ఎగురుతాయి. పోత ఇనుప పుల్లీలు కూడా అంతే. నొక్కేటప్పుడు పనివస్తువు చుట్టూ మందమైన ఇనుప గొట్టం గానీ పాలికార్బొనేట్ పలక గానీ అడ్డుపెట్టి, మనిషి ప్రెస్సుకు ఎదురుగా కాక పక్కన నిలబడాలి. కంటి అద్దాలు తప్పనిసరి. పనివస్తువు కింద ఒకదానిపై ఒకటి పేర్చిన చిన్న ముక్కలు, గుండ్రని కడ్డీలు ఆధారంగా పెట్టరాదు.

సన్నని రంధ్రం నుండి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి సూది గుచ్చుకున్నట్లు చిన్న గాయమే కనిపించి, నొప్పి కూడా మొదట తక్కువగా ఉంటుంది. అయినా లోపలి కణజాలం దెబ్బతింటుంది కాబట్టి వెంటనే శస్త్రచికిత్స అవసరం కావచ్చు, ఆలస్యమైతే వేలు కోల్పోయే ప్రమాదం ఉంది. నూనె కారుతున్న చోటును చేతితో తడమకుండా అట్టముక్కతో వెతుకుతారు.

కొత్త చట్రాన్ని మొదటిసారి నొక్కే ముందు కర్ణాలు, దూలాల తిన్నదనం కొలిచి రాసుకుంటారు. ఉక్కు దిమ్మె పెట్టి బలాన్ని అంచెలంచెలుగా పెంచుతూ, ప్రతిసారీ వదిలి మళ్ళీ కొలుస్తారు. బలం తీసివేసిన తరువాత కూడా కొలత పాతదానికి రాకపోతే లోహం లొంగిపోయిందని అర్థం. అప్పుడు అంతకంటే తక్కువ టన్నుల జాకీతో సరిపెట్టుకోవడమో, దూలాన్ని మార్చడమో చేయాలి.