తెలియక చేసిన హత్య: సారంగధర కథలో రాజు

రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది. రాజరాజ నరేంద్రుడు సొంత కొడుకు కాళ్ళూ చేతులూ నరికించింది అక్కడేనని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ రాజుకు చిత్రాంగి చెప్పింది అబద్ధమని తెలియదు. తెలియక చేసిన హత్యకు చేసినవాడు ఎంతవరకు బాధ్యుడు? మన విమర్శకులు చిత్రాంగి కాముకత్వాన్ని గురించీ, సారంగధరుడి శీలాన్ని గురించీ రాసినంతగా ఈ ప్రశ్నను గురించి రాయలేదు.

ముందు చరిత్ర సంగతి. వేంగి చాళుక్య రాజరాజు 1022లో పట్టాభిషిక్తుడై 1061 దాకా ఉన్నాడు. సవతి తమ్ముడు విజయాదిత్యుడితో సింహాసనం కోసం పెనుగులాడాడు. రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవి అతని భార్య. వాళ్ళ కొడుకు 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు. నన్నయ రచించిన నందంపూడి శాసనంలో గాని, ఆ రాజు ఇతర శాసనాల్లో గాని సారంగధరుడి ఊసు లేదు. 15వ శతాబ్దిలో గౌరన 'నవనాథ చరిత్ర'లో ఇది సిద్ధుల కథ. తెగిన అవయవాలు యోగి మహిమతో తిరిగివస్తాయి. 17వ శతాబ్దిలో తంజావూరు కొలువులో చేమకూర వేంకటకవి దాన్ని రాజమహేంద్రవరపు రాజరాజు ఇంటి కథగా చెప్పాడు. అంటే గోదావరి ఒడ్డున జరిగిందనుకునే ఈ నేరం కావ్యాల దారిన వచ్చి ఇక్కడ స్థిరపడింది.

యోగి మహిమ ఉన్నంతకాలం రాజు బాధ్యత ప్రశ్న తలెత్తదు. చేతులు మొలిచాయి, తప్పు మాసిపోయింది! 19వ శతాబ్ది చివర బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' రాసినప్పుడు అసలు చిక్కు బయటపడింది. తెలుగులో విషాదాంత నాటకానికి దారితీసినదిగా దానికి పేరుంది. నాటకకర్త వృత్తిరీత్యా వకీలన్నది గమనించదగ్గ విషయం. ఆయన వాదించిన కోర్టుల్లో అమల్లో ఉన్నది 1860 నాటి శిక్షాస్మృతి. పొరపాటు పడి చేశానన్నవాడికి అది కొంత రక్షణ ఇచ్చేది. కాని తగిన శ్రద్ధ, జాగ్రత్త లేకుండా నమ్మినది సద్భావంతో నమ్మినట్టు కాదని 52వ సెక్షన్ చెప్పేది. ఈ కొలతకు కథలోని రాజు నిలుస్తాడా? పెంపుడు పావురం వెంట కుర్రవాడు మేడకు వెళ్ళాడు. భార్య నేరం మోపింది. రాజు సాక్షిని పిలవలేదు, కొడుకు మాట చెవిని పెట్టలేదు, తెల్లవారేదాకా ఆగలేదు.

పురాణాల్లో ఇంతకంటె స్వచ్ఛమైన ప్రమాదం ఒకటుంది. అది దశరథుడిది. సరయూ తీరాన చీకట్లో కుండ మునుగుతున్న చప్పుడు విని, ఏనుగనుకుని బాణం వేశాడు. చచ్చింది గుడ్డి తల్లిదండ్రులకు నీళ్ళు తీసుకెళ్ళవచ్చిన మునికుమారుడు. వాల్మీకి ఈ ప్రశ్నను దాటవేయలేదు. తెలియక చేశావు గనుకా, నువ్వే వచ్చి చెప్పావు గనుకా బతికావంటాడు తండ్రి. అయినా పుత్రశోకంతో చస్తావని శపిస్తాడు. తెలియకపోవడం శిక్షను తగ్గించింది గాని తప్పును చెరపలేదు. మరో సంగతి ఉంది. చనిపోతున్న కుర్రవాడు, తాను వైశ్యుడికి శూద్రస్త్రీ వల్ల పుట్టానని, బ్రహ్మహత్య భయం అక్కరలేదని రాజును ఊరడిస్తాడు. ప్రాణం పోతున్నవాడి నోటనే హంతకుడికి ఊరట చెప్పించిన వర్ణవ్యవస్థను ఏమనాలి?

దశరథుడు ఆ చీకటిని కోరుకోలేదు. కాని కనబడనిదాన్ని చప్పుడును బట్టి కొట్టగలనన్న విద్య మీద గర్వం అతనిదే. ఆ గర్వానికి యువరాజుతనం అండ. రాజరాజు కూడా చూడకుండా, విన్న మాట మీదనే కొట్టాడు. తేడా ఏమిటంటే దశరథుడికి వెలుతురు లేదు, రాజరాజుకు దీపం పెట్టించుకునే అధికారం ఉంది. గ్రీకు ఈడిపస్ దారిలో చంపినవాడు తండ్రని తెలియక చంపాడు. అయినా నిజం కోసం తానే విచారణ జరిపించి, తన కళ్ళు తానే పొడుచుకున్నాడు. కథలోని రాజరాజు విచారణ శిక్ష అమలైన తరువాతగాని మొదలుకాలేదు.

ఇక చిత్రాంగి. బహుళ ప్రచారంలో ఉన్న కథ ప్రకారం ఆమె సారంగధరుడి కోసం చూసిన పిల్ల. తండ్రి తనకు చేసుకున్నాడు. ఆమె అబద్ధాన్ని వెనకేసుకు రావలసిన పనిలేదు. ఆ అబద్ధం ఒక మనిషి చావుకు కారణమైంది. కాని ఆ అబద్ధం పుట్టిన ఇల్లు కట్టినవాడు రాజు. వయసుతో పనిలేకుండా స్త్రీని స్వీకరించే హక్కు, విచారించకుండా నరికించే హక్కు, రెండూ ఒకే సింహాసనం నుంచి వచ్చాయి. ఈ రెండింటికీ ఉన్న బంధాన్ని రంగస్థలం చాలా సార్లు వదిలేసింది. ప్రేక్షకుల తిట్లన్నీ ఆమెకు, జాలి రాజుకు. 1957 సినిమాలో భానుమతి చిత్రాంగిగా, ఎస్.వి. రంగారావు రాజుగా నటించారు. ఆ కథను ఇవాళ మళ్ళీ ఆడదలచిన సమాజాలు ముందు రాజు చేత, ఆజ్ఞకు ముందు ఏమడిగావని అడిగించుకునే రంగం ఒకటి రాసుకోవాలి.

రాజమండ్రిలో 1922లో, రాజరాజు పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. శాసనాలు చదివినవాళ్ళు ఈ కథను ఆ రాజుకు అంటగట్టడం అన్యాయమన్నారు, నిజమే. అది వేంగి రాజుకు దొరికిన విడుదల. మెట్ట మీద కొడుకును నరికించిన కథలోని రాజు విచారణ ఇంకా మిగిలే ఉంది.