సోంపేట బీల

కడప జిల్లాలోని పోరుమామిళ్లయందు చెరువును గూర్చిన సంస్కృత శాసన మొకటి గలదు. శాలివాహన శకము 1291, అనగా క్రీస్తుశకము 1369వ సంవత్సరమున, విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును నిర్మింపజేసి దానిని వ్రాయించెను. ప్రతిదినమును వేయిమంది కూలివారును, నూరు బండ్లును పనిచేయగా రెండేండ్లకు పని ముగిసెనట. బిరుదములును, దానములును, శాపములును చదివి చదివి విసిగినవారికి ఈ శాసనము క్రొత్తగా దోచును. ఏలయనగా, మంచి చెరువునకు గావలసిన పండ్రెండంగములును, ఉండగూడని యారు దోషములును, వైద్యుడు రోగలక్షణములను జెప్పినట్లిందు జెప్పబడినవి. కట్టనుండి నీరు కారుట యొక దోషము. చవిటినేల యొక దోషము. రెండు రాజ్యముల పొలిమేరయం దుండుట మరియొక దోషము. ఈ చివరిదానిని బాలురకు బోధించునపుడు నేను కొంత నిలిచెదను. ఇద్దరి నడుమనున్న చెరువు తుదకెవ్వరిదియు గాకపోవును. దానికి గండిపడిన నడుగువా డుండడు.

అంగములను లెక్కించునపుడు ధర్మపరుడైన ప్రభువును మొదట జెప్పిరి. తరువాత జలశాస్త్ర మెరిగిన బ్రాహ్మణుని జెప్పిరి. (శాస్త్రము ముఖ్యముగాని కులము గాదని నేటి వారమనుకొందము.) కట్టుటయందు నేర్పరులైన పనివారినిగూడ మరువలేదు. సారవంతములైన పొలములును లెక్కలో నున్నవి. కాని ఆ నీటితో బ్రతుకు గ్రామవాసి ప్రసక్తి యా పండ్రెండింటిలో నెచ్చటను లేదు. అతని నడుగవలెనను తలంపు ఆ కాలమున నెవ్వరికిని గలుగకుండుట వింత గాదు. తరువాతి యైదువందల యేండ్లలోను గలుగలేదు. కట్ట తెగినపుడు గ్రామస్థులు మట్టి మోయవలెనను వాడుక యుండెను. చెన్నపట్టణపు ప్రభుత్వము 1858లో దానినొక చట్టముగాగూడ జేసినది. పారకును, తట్టకును గ్రామవాసి కావలసివచ్చెనే కాని అతని యభిప్రాయము కావలసిరాలేదు.

అడంగళ్లు చూచినవారికి తెలిసిన సంగతియే: శిస్తు రాని నేల కావ్యములలో నెంత వర్ణింపబడినను రెవెన్యూ లెక్కలలో దానికి గౌరవము లేదు. బంజరనియో, పోరంబోకనియో యొక్కమాటతో ముగియును. గొడ్లు మేయుట, చేపలు పట్టుట, తుంగ కోసి చాపలు నేయుట, పక్షులు గూళ్లు కట్టుట - ఇవి శిస్తు చెల్లింపవుగదా! ఈ చిన్న మాట యెంత పెద్ద యనర్థమునకు దారి తీయగలదో శ్రీకాకుళము జిల్లాలోని సోంపేట వలన దెలిసినది.

ఉద్దానమని ప్రసిద్ధిగాంచిన ఆ తీరభూమి కొబ్బరికిని, జీడిమామిడికిని, పనసకును పుట్టినిల్లు. సోంపేట సమీపమున సముద్రమునకు దాపుగా విశాలమైన పల్లపునేల గలదు. వానకాలమున నీరు నిండి యేడాదిలో జాలభాగము తడియారక యుండును. దానినే స్థానికులు బీల యందురు. ఆ నీటిని ఎత్తిపోతల మూలమున రైతులు చేలకు దోడుకొందురు. బెస్తవారు చేపలు పట్టుకొందురు. చుట్టుప్రక్కల నూతులయందు మంచినీరు నిలుచుటకు గూడ నీ బీలయే యాధారము. ఆ జిల్లాలోనే తేలినీలాపురమను పల్లె గలదు. దూరదేశములనుండి యేటేట వచ్చి చెట్లపై గూళ్లుకట్టు గూడబాతులను, కొంగలను ఆ యూరివారు ఇంటి యాడపడుచులవలె నాదరింతురు. ఇట్టి నీటిపట్టులకును ఇట్టి పక్షులకును గల సంబంధము వారికి గ్రంథము చదువకయే తెలియును.

అట్టి బీలలో 972 ఎకరములను 2008వ సంవత్సరమున ప్రభుత్వ ముత్తరువు మూలమున నొక ప్రైవేటు సంస్థకు గేటాయించిరి. బొగ్గుతో 2,640 మెగావాట్ల విద్యుత్తును బుట్టించు కేంద్రమునకని ప్రతిపాదన. కాగితములందు నేల నిరుపయోగమైనదిగా నుండెను. 2009 ఆగస్టు 18వ తేదీని ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగెను. రైతులును, బెస్తలును తమ వ్యతిరేకతను స్పష్టముగా జెప్పిరి. అయినను ఆ సంవత్సరము డిసెంబరులోనే పర్యావరణానుమతి లభించినది. సోంపేటలో నిరాహారదీక్షా శిబిరము వెలిసినది. దినమునకు గొందరు చొప్పున వంతులవారీగా కూర్చుండిరి. ఒకవైపు దీక్ష, రెండవవైపు ఢిల్లీలోని జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీయందు వ్యాజ్యము - ఈ రెండింటిని వారు విడువక నడిపిరి. ఈ రెండవ పనిని పత్రికలు తగినంతగా బ్రశంసింపలేదని నా యభిప్రాయము. దీక్ష కంటికి గనబడును. వ్యాజ్యమునకై నకళ్లు సంపాదించువాని శ్రమ కనబడదు.

2010 జులై 14వ తేదీని పని ప్రారంభింప వచ్చినపుడు జనులడ్డగించిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. రైతులు ప్రాణములు కోల్పోయిరి. ఆ రోజులలోనే అప్పిలేటు అథారిటీ, బీల నీటిపట్టేగాని బంజరు గాదని గ్రహించి, పర్యావరణానుమతిని రద్దుచేసినది. ఆ నేలపై నీరు నిలుచునా లేదా యను ప్రశ్నకు, కాగితమును వ్రాయుటకు ముందే యొక వానకాలమున నెవరైన మోకాలిలోతు దిగి చూచియుండినచో, ఆ ప్రాణములు దక్కియుండును గదా! అనుమతి రద్దయిన పిదపను దీక్ష యాగలేదు. నేలకేటాయింపు నిలిచియున్నంతకాలము నమ్మకము లేదని వారు కూర్చుండియే యుండిరి. శిబిరము వేయి దినములు దాటినది. ఆ బీలలో విద్యుత్కేంద్రము నేటికిని లేవలేదు. 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లాలోని కాకరాపల్లిలోను ఇట్టి వివాదమునందే కాల్పులు జరుగుటను తలచుకొన్నచో, ప్రభుత్వములు తొందరగా బాఠము నేర్చునని చెప్పజాలము.

శాసనమున లేని గ్రామవాసికి చట్టమున జోటు దొరికి యెంతో కాలము కాలేదు. ప్రజాభిప్రాయ సభ 1997లో మనదేశమున నిబంధనలలో చేరినది. 2006 సెప్టెంబరు 14వ తేదీ ప్రకటనవలన దాని పద్ధతి విశదపరుపబడినది. సభకు ముప్పది దినములు ముందుగా పత్రికలలో బ్రకటింపవలెను. పర్యావరణ ప్రభావమును గూర్చిన నివేదిక ప్రతిని కలెక్టరు కార్యాలయమునందును, జిల్లా పరిషత్తునందును, స్థానిక సంస్థలయందును చూచుటకు వీలుగా నుంచవలెను. దాని సంగ్రహము స్థానికభాషలో నుండవలెను. ఇంతమంది హాజరు కావలెనను నియమము లేదు. పదిమంది వచ్చినను సభ సభయే. కావుననే రాకపోవుట ప్రమాదము. వచ్చిన ప్రతివానికిని అడుగుట కవకాశమీయవలెను. రాలేనివారు వ్రాతమూలమున బంపవచ్చును. తుదకు, చెప్పిన మాటల సారాంశమును స్థానికభాషలో అందరికిని వినిపించి, కలెక్టరుగాని ఆయన ప్రతినిధిగాని అదే దినమున సంతకము చేయవలెను. ఇచ్చటనే మెలకువ గావలెను. అలసి యిండ్లకు బోయిన తరువాత చదువబడు కాగితమునం దేమి లేదో యడుగువారుండరు. అనుమతి లభించిన పిదప, 2010లో నేర్పడిన జాతీయ హరిత ట్రైబ్యునలునకు ముప్పది దినములలో నప్పీలు చేసికొనవచ్చును. తగిన కారణము చూపిన మరి యరువది దినముల గడువు గలదు. కాగితములకై 2005నాటి సమాచారహక్కు చట్టము క్రింద నొక యర్జీ చాలును.

ఈ నియమములన్నియు నేను ముందుగా నెరిగి యాచరించితినని చదువరులు భ్రమపడవలదు. కొన్నేండ్ల క్రిందట మా ప్రాంతమున నొక రాతిగనిని గూర్చి ఇట్టి సభయే జరిగినది. పెద్ద నివేదిక యాంగ్లమున నుండెను. ఆ పల్లెలో దానిని మొదటినుండి తుదివరకు చదివినవాడను నేనొక్కడనే. గని కుత్తరమున, కూతవేటు దూరమున నొక చెరువు గలదు. నివేదికలో దాని పేరు లేదు. ఈ సంగతి తెలిసియు సభలో వెనుకవరుసను గూర్చుండి నేను నోరు విప్పనైతిని. ఉద్యోగస్థుడను, బదిలీ భయము, పైవారి మొగమాటము - కారణములకేమి కొదవ? సభ ముగిసిన తరువాత ఒక వృద్ధ రైతు నా ప్రక్కన నడచుచు "పంతులుగారూ, ఆ పుస్తకంలో మా చెరువు పేరున్నదా బాబూ?" అని యడిగెను. లేదంటిని. అతడు కోపపడలేదు. "అయితే తమరు చదివి లేదని తెలుసుకున్నారు. మేము చదవక ఉన్నదనుకున్నాము" అని తలపాగా సవరించుకొని తన దారిని బోయెను.

అప్పటినుండి మా తరగతిలోని పెద్దపిల్లలచేత నెలకొక యాదివారము గ్రామపు పటమును వ్రాయించుచున్నాను. చెరువులు, కుంటలు, వాగులు, దొరువులు - పేరు, దిక్కు, ఏ నెలవరకు నీరుండునది, ఎవరి గొడ్లు త్రాగునది అందు వ్రాయుదురు. వివరములకై ముసలివారి నడుగుటకు బోయినప్పుడు, మజ్జిగ యిచ్చి కూర్చుండబెట్టి, తమకాలమునాటి కుంటల పేర్లనుగూడ జెప్పుచున్నారు. నిరుడు పొరుగుగ్రామమున మరియొక గనికై సభ జరుగునని పత్రికలో పడినది. పిల్లలు వ్రాసిన పటమును, నివేదికలోని పటమును ప్రక్కప్రక్కన బెట్టి చూచితిమి. రెండు కుంటలు తక్కువైనవి. ఈసారి వ్రాతమూలముగా, నా పేరుతో, గడువులోపల బంపితిని. కాగితము చేరినదని రశీదు వచ్చినది. సభలో అధికారి ఆ కుంటల పేర్లను చదువగా వెనుకవరుసనుండి విన్నాను. ఒకదాని పేరును తప్పుగా బలికెను గాని, సారాంశమునందు రెండును సరిగానే వ్రాయబడినవి.